తెల్లదారంతో కుట్టిన పచ్చజెండా

ఈ పాట అయిపోకపోతే బాగుండునని శాంసన్ అనుకున్నాడు. చిన్నప్పుడు ఇదే పాట ఎప్పుడు అయిపోతుందా, ఎప్పుడు గ్రౌండుకు ఉరుకుదామా అని చూసేవాడు. ఇప్పుడు ముందు వరుసలో ఉన్న ఆవిడ పల్లవి మళ్లీ ఎత్తుకుంటే లేచి ఆమె కాళ్లు పట్టుకోవాలనిపిస్తోంది. పాట అయితే ప్రార్థన, ప్రార్థన అయితే పాస్టరు అయ్యగారి వాక్యం, వాక్యం అయ్యేసరికి ఏడవుతుంది. ఏడు గంటలకు టీవీ. టీవీ మీద అమ్మ తన చేత్తో అల్లిన తెల్లగుడ్డ కప్పి పెట్టింది, ఏదో శిలాఫలకం ఆవిష్కరించబోతున్నట్టు. శామ్యూల్ అయ్యగారు ప్రార్థన చేసి ఆ గుడ్డ తీస్తారట, అప్పుడు చెల్లెలు జెస్సికా రిమోటు నొక్కుతుందట. ఆదివారం పూట టీవీ ముట్టుకుంటే చేతి మీద కొట్టిన అమ్మ రత్నమ్మ, ఇవాళ టీవీ కోసం కాశిబుగ్గలోని ఈ ఇరుకు గదిలోకి సంఘాన్నంతా పిలిచింది. చాపల మీద ఆడవాళ్లు తలల నిండా కొంగు కప్పుకుని కూర్చున్నారు, గడప దగ్గర పక్కింటి లచ్చవ్వ మగ్గం ఆపి మరీ వచ్చి కూర్చుంది. మనవాళ్లకు కృతజ్ఞత కూడిక పెట్టడానికి కారణం ఉంటే చాలు. బోరు పడితే కూడిక, ఆటో కొంటే ఆటో మీద చేయి పెట్టి కూడిక, కిడ్నీలో రాయి కరిగితే కూడిక. కొడుకు కామెడీ షోలో చేరినందుకు కూడిక పెట్టడం మాత్రం ఈ సంఘంలో ఇదే మొదలు అయి ఉంటుంది. అది కామెడీ షో అని అమ్మకు తెలియదు. "మా శాంసన్ టీవీల వాళ్ల నాయిన గురించి సాక్ష్యం చెప్తాండు" అని గడప గడపకూ తిరిగి చెప్పుకుంది. తప్పు ఆమెది కాదు. షో వాళ్లు అడిగిన పాత జెండా కోసం ఇంటికి వచ్చిన రోజు, "టీవీల నాయిన గురించి చెప్తనమ్మా" అన్నది తనే. ఆ మాట అన్నప్పుడు అది నిజం కూడా. కానీ నలుగురి ముందు నిలబడి చెప్పే మాట ఏదైనా అమ్మ చెవికి, దేవుడు చేసిన మేలు చెప్పుకునే సాక్ష్యమే. సాక్ష్యం కాని మాటలు కూడా మనుషులు నిలబడి చెబుతారని ఆమెకు ఎవరు చెప్పాలి?

సంఘమంతా కింద కూర్చుంటే తనొక్కడే మంచం మీద కూర్చున్నాడు. ఎవరూ ఏమీ అనుకోరు, కుడి మోకాలు మడత పడదని అందరికీ తెలుసు. ఆ మోకాలి కోసం వీళ్లు ఉపవాస ప్రార్థనలు చేశారు. దేవుడు వినలేదు, సర్జను విన్నాడు గానీ ఆయనకూ చేతకాలేదు. రెండుసార్లు కోసి రెండుసార్లు కుట్టిన ఆ మోకాలిని అతను అరచేత్తో మూసుకుని కూర్చున్నాడు, అది ఏదో పలుకుతుందేమో అన్నట్టు. ఫుట్‌బాల్ ఆటగాడు రిటైరయ్యాడని పేపర్లో రాస్తారు, పూలదండతో ఫోటో వేస్తారు. తనకు అలాంటిదేమీ జరగలేదు. సీజను మొదలయ్యే నెలలో ఫోను మోగలేదు, అంతే. ఇంకో నెల మోగలేదు. కలకత్తాలో అద్దె ఇంటి పైకప్పు చూస్తూ, ఈ రోజు మోగుతుందేమోనని పడుకునే మనిషిని రిటైరయ్యాడు అంటారా, పారేశారు అంటారా? ఇరవై ఏళ్లు వేలమంది పేరు పెట్టి పిలిచారు, ఆ తర్వాత బజారులో కూరగాయల మనిషి కూడా 'దాదా, పక్కకు జరుగు' అంది. మంచం కింద మడమకు బ్యాగు తగిలింది. నీలం కిట్ బ్యాగు, దాని మీద పాత క్లబ్బు ముద్ర సగం ఊడిపోయింది. లోపల జెండా ఉంది. పొద్దున గడపలో అడుగు పెట్టగానే అమ్మ అడిగింది.

"జెండా తెచ్చినవా బిడ్డా? ఇటియ్యి, పెట్టెల పెడ్త."

"తెచ్చినమ్మా, బ్యాగుల ఉంది. తర్వాత ఇస్త."

తర్వాత ఎప్పుడు ఇస్తాడు? స్టూడియోలో దాని మీద చల్లిన మెరుపుల పొడి పోవడం లేదు. హోటల్లో బకెట్ నీళ్లలో ఉతికాడు, సబ్బు పెట్టి రుద్దాడు, అద్దం ముందు దులిపాడు. అంచు మడతల్లో, ఆ కుట్ల సందుల్లో దూరిన పొడి అలాగే తళుక్కుమంటోంది. ఏ కుట్టు దగ్గర దారం అయిపోయి ముడి వేసిందో కూడా గుర్తున్న మనిషి అమ్మ. చేతిలోకి తీసుకుంటే చాలు, ఇంకేమీ చెప్పనవసరం లేదు.

పాట అయిపోయింది. అందరూ కళ్లు మూసుకున్నారు, ఎవరో ఆడమనిషి సన్నగా, ఏడుపు కలిసిన గొంతుతో ప్రార్థన మొదలుపెట్టింది. కళ్లు మూసుకుంటే రఘునాథపల్లి గేటు కనిపించింది. కంది చేల మధ్య రైలు గేటు, పక్కన గది, గది ముందు ఎర్రమట్టి కుండ, గది గోడకు రెండు మేకులు, ఒక మేకుకు ఎర్రజెండా, ఒక మేకుకు పచ్చజెండా. నాయిన బండి రాకముందే చొక్కా గుండీలన్నీ పెట్టుకునేవాడు. ఎవరు చూస్తారని? గంటకు వంద కిలోమీటర్ల వేగంతో పోయేవాడు గేటుమ్యాన్ గుండీలు చూస్తాడా? నాయిన చూసుకునేవాడు. ఎడమ చేయి నిటారుగా చాచి, జెండాను కదలకుండా పట్టుకుని, ఇంజను డ్రైవరుకు ఒకసారి, కడపటి డబ్బాలో ఉన్న గార్డుకు ఒకసారి చూపించేవాడు. గార్డు కూడా తన పచ్చజెండా తిప్పి చూపించేవాడు. అంతా బాగుందని ఇటునుంచి, సరే బాగుందని అటునుంచి. ఆ చూపించుకోవడం కోసమే నాయిన బతికాడని ఇప్పుడు అనిపిస్తుంది. బడికి పోని వయసులో ఒకనాడు ఆ జెండా కావాలని ఏడిచాడు. పట్టాల పక్కన కంకర మీద పడి దొర్లి ఏడిచాడు. నాయిన ఇవ్వలేదు.

"అది సర్కారుది బిడ్డా. అది చేతిల ఉన్నదంటె డ్యూటీల ఉన్నట్టు. నీ చేతిల చూసి బండోడు నమ్మితె ఎట్ల?"

అన్నం తినకుండా పడుకున్నాడు. తెల్లారి లేచేసరికి తలాపున ఒక జెండా ఉంది. అమ్మ తన పచ్చ లంగా చింపి కుట్టింది. ఇంట్లో పచ్చదారం లేదు, తెల్లదారంతోనే అంచు మడిచి చేతికుట్టు వేసింది. కర్రకు బదులు కందికట్టె. ఆ రోజు నాయిన బండికి జెండా చూపిస్తుంటే తను పక్కన నిలబడి తన జెండా చూపించాడు. గార్డు నవ్వుతూ రెండుసార్లు తిప్పాడు, ఒకటి నాయినకు, ఒకటి తనకు. తండ్రి ఇవ్వనిదాన్ని తల్లి కుట్టి ఇచ్చింది, అందులో దొంగతనం ఎక్కడుంది? దొంగతనం అన్న మాట ఎక్కడి నుంచి వచ్చింది? అది నోట్లోకి ఎలా వచ్చింది? పక్కన ఎవరో 'స్తోత్రం, స్తోత్రం' అంటున్నారు. అతని పెదవులు కూడా స్తోత్రం అన్నాయి, అలవాటుగా.

గోలు కొట్టినప్పుడల్లా కార్నర్ దాకా పరుగెత్తి, ఆగి, నిటారుగా నిలబడి, ఎడమ చేయి చాచేవాడు. చేతిలో ఏమీ ఉండేది కాదు. అయినా అందరికీ జెండా కనిపించేది. కలకత్తా జనం 'గేట్‌మ్యాన్, గేట్‌మ్యాన్' అని ఊగిపోయేవారు. మిగతావాళ్లు చొక్కాలు విప్పి తిప్పేవారు, గంతులు వేసేవారు, గడ్డి మీద జారేవారు. తను ఒక్క క్షణం కదలకుండా నిలబడేవాడు, అంతే. నాయిన ఒక్కనాడూ స్టేడియానికి రాలేదు. డ్యూటీలో ఉన్నన్నాళ్లు గేటు వదలలేదు, రిటైరయ్యాక కిడ్నీలు వదలలేదు. ఒకే ఒక్కసారి చూశాడు. కరోనా రెండో ఏడు గోవాలో ఆటగాళ్లందరినీ హోటళ్లలో మూసిపెట్టి, ఖాళీ స్టేడియాల్లో ఆడించారు. ఇక్కడ దవాఖానలో నాయిన. బయటకు పోతే మళ్లీ లోపలికి రానివ్వం అన్నారు, సీజను పోతుంది అన్నారు. పోతే పోనీ అనుకుని వచ్చేయలేకపోయాడు. ఆ వారమే హెడ్డరుతో గోలు పడింది. కార్నర్ దగ్గరికి పరుగెత్తి చూస్తే ఒక్క మనిషి లేడు, ఖాళీ కుర్చీలు, ఒక కెమెరా. ఆ కెమెరాకే చేయి చాచి నిలబడ్డాడు. జెస్సికా తర్వాత చెప్పింది, "అన్నా, ఫోన్ల నిన్ను చూసి నాయిన సూదున్న చెయ్యి లేపిండు. సీదా లేపిండు. నర్సు కోప్పడ్డది" అని. తిరిగి జెండా చూపించాడన్నమాట. సరే, బాగుంది అని. ఆ తర్వాత ఎక్కువ రోజులు లేడు. మట్టి వెయ్యడం కూడా ఫోనులోనే చూశాడు, మధ్యలో సిగ్నల్ పోయింది. ఇంకో నెలకు మోకాలు పోయింది. అవన్నీ ఒకదాని వెంట ఒకటి ఎందుకు పోయాయో అడగడానికి ఈ ప్రార్థన సరిపోదు. ప్రార్థన ఆమెన్‌తో ముగిసింది.

అయ్యగారు లేచి గొంతు సవరించుకున్నారు. నలభై ఏళ్లు ఉంటాయేమో, తనకంటే చిన్నవాడే. మంచివాడు. వాక్యం చెబుతూ ప్రతి రెండు మాటలకూ ఒకసారి మంచం వైపు చూపిస్తున్నాడు. మన సహోదరుడు లక్షలమంది ముందు తండ్రిని ఘనపరచబోతున్నాడు అంటున్నాడు. వాళ్ల నాన్న దేవదానం గారి నీతి ఈ రోజు రాష్ట్రమంతా వింటుంది అంటున్నాడు. గోడకు ఆనుకుని కుర్చీలో కూర్చున్న పాండురంగం పెదనాయిన తల ఊపుతున్నాడు. సంఘస్థుడు కాదు, మెడలో తులసి పూస ఉంది, కానీ నాయినతో పాటు ఆ గేటుకే డ్యూటీ చేసిన మనిషి. నాయిన దిగితే ఈయన ఎక్కేవాడు, ఈయన దిగితే నాయిన ఎక్కేవాడు. వయసు మీద పడి చేతులు వణుకుతున్నా, తను చెల్లె అని పిలిచే రత్నమ్మ ఫోన్ చేసిందని రఘునాథపల్లి నుంచి బస్సెక్కి వచ్చాడు. వచ్చీ రాగానే తన భుజం తట్టి, "నాయిన పేరు టీవీల వినవడ్తదా బిడ్డా, అది చూసి పోత" అన్నాడు. వినపడుతుంది పెదనాయినా. ఎలా వినపడుతుందో మాత్రం అడగకు.

టీవీ వాళ్లు మొదట తెలుగు కామెంటరీకి పిలిచారు. అద్దాల గదిలో కూర్చోబెట్టి, పాత మ్యాచ్ వేసి, చెప్పమన్నారు. బంతి ఎక్కడికి పోబోతోందో ముందే తెలిసిపోతుంటే నోరు మాట్లాడేది కాదు. "అన్నా, మీ తెలుగుల జర బెంగాలీ వస్తాంది, ఎనర్జీ వస్తలేదు" అన్నారు. తర్వాత హనుమకొండలో షాపు ఓపెనింగుకు పిలిచారు, సినిమాలో హీరో చేతిలో దెబ్బ తిని కిందపడే వేషం ఇచ్చారు. పడటం వచ్చు కదా అన్నారు. ఫుట్‌బాల్ ఆడినవాడికి పడటం తప్ప ఇంకేం వచ్చని? ఆ తర్వాత ఎవరో పాత గోల్స్ అన్నీ కలిపి వీడియో పెడితే, జనం ఆ చేయి చాచడం చూసి నవ్వుకున్నారు. ఆ నవ్వు చూసి షో వాళ్లు వచ్చారు. ముందు ఆదరంగానే మాట్లాడారు. మీ నాన్నగారి కథ చెప్పండి, ఆ జెండా ఉంటే పట్టుకుని రండి అన్నారు. అమ్మ జెండాకు ఇస్త్రీ చేసి, దాని మీద చేయి పెట్టి ప్రార్థన చేసి ఇచ్చింది. స్టూడియోలో నిజంగానే చెప్పాడు. కెమెరా ముందు కూర్చుని గేటు గురించి, గుండీల గురించి, సర్కారుది బిడ్డా అన్న మాట గురించి, లంగా చింపి కుట్టడం గురించి చెప్పాడు. చెబుతూ ఏడిచాడు. లైటు పట్టుకున్న మనిషి కూడా కళ్లు తుడుచుకున్నాడు. అది అయ్యాక షో రాసే శేఖర్ పక్కకు తీసుకుపోయాడు. కుర్రాడు కాదు, చెడ్డవాడు కాదు, జనగామ వైపువాడు, అన్నా అన్నా అంటూ టీ ఇచ్చాడు.

"మస్తు చెప్పినవన్నా. కానీ జనం ఏడ్వనీకి రారు గదా. ఒక పంచ్ పడాలె."

ఆ పంచ్ ఇది. ఖాకీ నిక్కరు వేసుకుని, జెండా ఊపుతూ, నడుము తిప్పుతూ రావాలి. యాంకర్ రమ్య, ఈ జెండా ఎక్కడిది సార్ అంటుంది. తను, మా నాయిన రైల్వేల కొట్టేసిండు, జెండా ఒక్కటే చేతికందింది, లేకుంటే ఇంజనే తెచ్చెటోడు అనాలి. కాగితం చదివి తిరిగి శేఖర్ చేతిలోనే పెట్టాడు. "మా నాయిన అట్లాంటోడు కాదు తమ్మీ" అన్నాడు. శేఖర్ ఏమీ నొచ్చుకోలేదు. "ఎరికే అన్నా. అందుకే గదా జోకు. దొంగను దొంగంటె ఎవడు నవ్వుతడు?" అన్నాడు. ఇది ఒప్పుకుంటే సీజను మొత్తానికి ఉంచుకుంటామని చెప్పారు. ఒప్పుకోకపోతే ఏమవుతుందో ఎవరూ చెప్పలేదు. మళ్లీ ఆ పైకప్పు, మోగని ఫోను. మొదటిసారి మధ్యలోనే ఆపేశాడు. రెండోసారి చప్పగా అన్నాడు. మూడోసారి, 'ఇంజనే' అనేముందు ఒక్క క్షణం ఆగాడు. అలా ఆగాలని ఎవరూ చెప్పలేదు, ఒంటికే తెలిసింది, గోల్‌కీపరు ఎటు దూకుతాడో ఒంటికి తెలిసినట్టే. హాలంతా పగలబడి నవ్వింది. ఆ నవ్వు వచ్చి ఛాతీకి తగిలినప్పుడు ఏమనిపించింది? చెప్పు శాంసన్. ప్రార్థన జరిగిన ఈ ఇంట్లోనైనా నిజం చెప్పు. హాయిగా అనిపించింది. కలకత్తాలో అనిపించినట్టే అనిపించింది. ఇన్నేళ్ల తర్వాత మళ్లీ జనం తన పేరు పిలుస్తున్నారని, ఎడమ చేయి దానంతట అదే నిటారుగా లేచింది. దానికే ఇంకో నవ్వు వచ్చింది. ఆ హాయిని ఎక్కడ దాచుకోవాలి? తండ్రిని దొంగను చేస్తే దొరికిన హాయి అది.

ఏది వేస్తారో తెలియదు. ఏడుస్తూ చెప్పిన నిజమా, నడుము తిప్పుతూ చెప్పిన అబద్ధమా? మొన్న శేఖర్‌కు ఫోన్ చేసి ఆ ఒక్క మాట తీసేయమని బతిమాలాడు. "ఎడిటింగు నా చేతుల లేదన్నా, ఛానలోళ్ల చేతుల ఉంటది. కానీ గంత మంచి పంచ్ ఎవడు తీస్తడు?" అన్నాడు. అయినా మనిషికి ఆశ చావదు. ఎవరైనా పెద్దాయన చూసి, ఇది వద్దు, తండ్రి కథ వేద్దాం అని ఉండవచ్చు కదా. జెస్సికా మంచినీళ్ల గ్లాసు పట్టుకుని వంగి, చెవి దగ్గర గుసగుసలాడింది. ఆమె ప్రోమో చూసింది, అందులో ఖాకీ నిక్కరు, గంతులు ఉన్నాయి. ఆ మాట లేదు. అమ్మకు మాత్రం ఫోను చూపించలేదు.

"అన్నా, కేబుల్ వైరు గుంజెయ్యనా? కరెంటోళ్ల మీదకు తోసేద్దాం."

ఒక్కసారి తల ఊపితే సరిపోయేది. ఊపలేదు. "ఏం గాదు, మంచిగనే వస్తది" అన్నాడు. ఎందుకు అన్నాడో తనకే తెలుసు. నిజం వేస్తారేమోనన్న ఆశ సగం. మిగతా సగం, ఈ గదిలో ఇంతమంది తనను టీవీలో చూస్తుండగా చూడాలన్న కక్కుర్తి. అది ఉంది. కాదనడానికి లేదు. జెస్సికా అతని మొహం చూసి, గ్లాసు తీసుకుని వెళ్లిపోయింది.

వాక్యం అయిపోయింది. అయ్యగారు టీవీ ముందు నిలబడి, చేయి చాచి, దానికోసం కూడా ప్రార్థన చేశారు. తెల్లగుడ్డ మెల్లగా తీసి, మడిచి, అమ్మ చేతికి ఇచ్చారు. అమ్మ ముందు చాప మీద నిటారుగా కూర్చుంది, వెనక్కి తిరిగి తనను చూసి నవ్వింది. పళ్లు రెండు ఊడిపోయాయి, ఎప్పుడు ఊడిపోయాయి? ఇది ఇన్నాళ్లూ ఎందుకు చూడలేదు? సబ్బు ప్రకటన వచ్చింది, బంగారం ప్రకటన వచ్చింది, ఎరువుల ప్రకటన వచ్చింది. ఇంకో ప్రకటన రానీ. ఇంకొకటి. షో మొదలైంది. ఎవరెవరో వచ్చారు, ఏవేవో అన్నారు, ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అప్పుడు ఢమఢమ చప్పుడు, పొగ, పొగలోంచి ఖాకీ నిక్కరు. గదిలో చప్పట్లు మోగాయి. లచ్చవ్వ, "అగ్గో, మన శాంసనే" అని అరిచింది. తెర మీద జెండా నిండుగా కనిపించింది. ఇంత పెద్ద టీవీలో తెల్లదారం కుట్లు ఒక్కొక్కటీ లెక్కపెట్టేలా కనిపిస్తున్నాయి. రైల్వేవాళ్లు జెండాను తెల్లదారంతో చేతికుట్టు కుట్టరని చూసినవాడికి ఎవరికైనా తెలుస్తుంది. ఎవరూ కుట్లు చూడటం లేదు. నడుము చూస్తున్నారు. అందరూ నవ్వుతున్నారు, అయ్యగారు కూడా మొహమాటంగా నవ్వుతున్నారు. అమ్మ నవ్వడం లేదు. ఇది అయ్యాక అసలు సాక్ష్యం వస్తుందని ఆమె ఓపిగ్గా చూస్తోంది. రమ్య పక్కకు వచ్చింది. అడిగింది. తెర మీది శాంసన్ నోరు తెరిచాడు, మంచం మీది శాంసన్ దేవుడా అనుకున్నాడు. ఆ మాట వచ్చింది. ఆ ఒక్క క్షణం ఆగడం కూడా వచ్చింది, ఇంజనూ వచ్చింది. గదిలో కూడా నవ్వు పేలింది. పేలిన చోటే ఆగిపోయింది. ఒక్కొక్కరే రత్నమ్మ వైపు చూసి నోరు మూసుకున్నారు. టీవీలో వాళ్లు మాత్రం నవ్వుతూనే ఉన్నారు.

జెస్సికా రిమోటు నొక్కింది. పక్క సందులో పవర్‌లూము చప్పుడు వినిపించింది. పాండురంగం పెదనాయిన కుర్చీలో ముందుకు వంగాడు. ఆయన గొంతులో కోపం లేదు, అయోమయం ఉంది.

"అదేంది చెల్లె, గట్లంటడేంది పిలగాడు? దేవదానం రిటైరైననాడు నేనే ఉన్న. దీపం, జెండాలు, గొలుసు, ఆఖరికి సీసల మిగిలిన గ్యాసునూనె గూడ అప్పజెప్పిండు. సర్కారుది సూది గూడ..."

"నీకు తెల్వదన్నా," అంది రత్నమ్మ.

ఆమె తల తిప్పలేదు. ఒళ్లో మడిచి ఉన్న తెల్లగుడ్డ మీద రెండు చేతులూ పెట్టుకుని, ఆరిపోయిన టీవీని చూస్తూ చెప్పింది. "ఒక్కసారి ముట్టిండు. పిలగాడు కంకర మీద పడి ఏడ్సిండు. అన్నం తినలే. తండ్రి గదా, సైసలేక తెచ్చిండు. నాకు, ఆయనకు, దేవునికి తప్ప ఎవ్వలకు తెల్వదు. పిలగాడు అబద్ధం చెప్పలే."

అమ్మ అబద్ధం చెబితే ఎలా ఉంటుందో శాంసన్‌కు ఇంతవరకూ తెలియదు. నిజం చెప్పినట్టే ఉంది. గొంతు వణకలేదు, కన్ను తడవలేదు. చచ్చిపోయిన మనిషికి ఏమీ కాదు, ఉన్నవాడు సంఘం ముందు అబద్ధికుడు కాకూడదు, ఆమె లెక్క అంతే. ఆ లెక్క వెయ్యడానికి ఆమెకు ఎంతసేపు పట్టింది? తను 'ఇంజనే' అనేముందు ఆగినంతసేపు కూడా పట్టలేదు. పాండురంగం పెదనాయిన ఆమెను చాలాసేపు చూశాడు. తర్వాత కుర్చీలో వెనక్కి వాలాడు, చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. "అట్లనా చెల్లె. నాకు తెల్వదు" అన్నాడు. నమ్మాడు. రత్నమ్మ చెబితే నమ్మక ఏం చేస్తాడు? ఆ గేటు దగ్గర ఇరవై ఏళ్లు ఆయనతో బతికిన దేవదానం ఆయన కళ్లముందే ఇంకో మనిషి అయిపోయాడు. ఆ కళ్లలో అది జరగడం శాంసన్ చూశాడు. టీవీలో లక్షలమంది నవ్వితే పోయేదేమీ లేదు, రేపు మరిచిపోతారు. ఈ ఒక్క ముసలాయన మరిచిపోడు.

అయ్యగారు చేతులు నలుపుకుంటూ, కూడిక ఎలా ముగించాలో తెలియక, అలవాటైన మాటే అన్నారు. "శాంసన్ అన్నా, లేచి ఒక రెండు మాటలు సాక్ష్యం చెప్పండి." మంచం పట్టె పట్టుకుని లేచాడు. మోకాలు టక్కుమంది. అందరి మొహాలూ పైకి లేచాయి. గోలు ఖాళీగా ఉంది, కీపరు లేడు, బంతి కాళ్ల దగ్గరే ఉంది. పెదనాయినా, అమ్మ అబద్ధం చెప్పింది, నేనూ అబద్ధం చెప్పాను, ఆ జెండా అమ్మ లంగా, తెల్లదారం చూడండి, ఈ బ్యాగులోనే ఉంది అంటే చాలు. కానీ అలా అంటే సంఘం ముందు, అయ్యగారి ముందు అమ్మ ఏమవుతుంది? నాయినను నిలబెట్టాలంటే ఆమెను పడగొట్టాలి. ఇద్దరినీ నిలబెట్టే మాట ఒకటి ఉండేది, దాన్ని స్టూడియోలోనే పారేశాడు. అమ్మ వైపు చూశాడు. ఆమె ఇటు చూడటం లేదు. ఎడమ చేయి ఎందుకో బరువుగా వేలాడుతోంది.

"దేవునికి స్తోత్రం," అన్నాడు. "అందరికి వందనాలు." కూర్చున్నాడు.

ఆమెన్ అన్నారు. టీలు వచ్చాయి, బిస్కెట్లు వచ్చాయి, నెమ్మది నెమ్మదిగా మాటలు వచ్చాయి. వాన పడేలా ఉందని, పవర్‌లూములకు నూలు రావడం లేదని మాట్లాడుకున్నారు. పోతూ పోతూ ఆడవాళ్లు అమ్మ చేతులు పట్టుకున్నారు, తన వైపు నవ్వి తల ఊపారు. పాండురంగం పెదనాయిన టీ తాగలేదు. బస్సు పోతుందని అందరికంటే ముందే లేచాడు. గడప దగ్గర చెప్పులు వేసుకుంటూ గోడమీద నాయిన ఫోటో వైపు ఒకసారి చూశాడు. చేయి ఎత్తి మొక్కబోయి, మొక్కకుండానే దించుకున్నాడు. జెస్సికా గ్లాసులు ఏరుకుని లోపలికి పోయి ఇక బయటికి రాలేదు. గదిలో తను, అమ్మ, పరిచి ఉన్న చాపలు మిగిలారు. అమ్మ తెల్లగుడ్డ దులిపి టీవీ మీద కప్పింది, నాలుగు మూలలూ సమానంగా సర్దింది. తర్వాత ఒక చాప చుడుతూ మామూలుగా అడిగినట్టే అడిగింది.

"జెండా బ్యాగులనే ఉందా బిడ్డా?"

"ఉందమ్మా. ఇస్త." అతను వంగి, మంచం కిందికి చేయి పెట్టి, బ్యాగు జిప్పు పట్టుకున్నాడు.

"తియ్యకు," అంది. చాప చుట్టడం ఆపలేదు. "పోయేటప్పుడు నీ ఎంబడి తీస్కపో. కొట్టేసిన సామాను ఇంట్ల ఉండొద్దు."

శాంసన్ తెరిచిన కొద్దిపాటి జిప్పునూ మూసి, బ్యాగును గడప పక్కన, రేపు మర్చిపోకుండా, చెప్పుల దగ్గర పెట్టి వచ్చాడు.